నాయనకు అల్లిన చిక్కాలు

హైవే పక్కన కొత్తగా పెట్టిన హోటల్లో, తల మీద వేలాడుతున్న బల్బును చూసి నేను తినడం ఆపేశాను. ఆ బల్బు చుట్టూ ఎద్దు చిక్కం తొడిగారు. ఒకటి కాదు, ఎన్ని టేబుళ్లున్నాయో అన్ని చిక్కాలు, ఒక్కోదాంట్లో ఒక్కో పసుప్పచ్చ దీపం. గోడకు కాడిమాను బిగించారు, వడ్డించేవాళ్లకు పంచెలు కట్టించారు, రాగిసంగటి కింద ప్లాస్టిక్ అరిటాకు వేశారు. అనంతపురం నుంచి బెంగుళూరికి పోతూ మా అబ్బాయి కారు అక్కడ ఆపింది నా కోసమేనట. "పల్లె వాతావరణం అమ్మా, నీకు బాగుంటుంది" అన్నాడు. పల్లెలో పుట్టినవాళ్లకు పల్లెను డబ్బిచ్చి చూపించడం ఇప్పటి మర్యాద. వయసు మీదపడ్డాక మాట అనడం కంటే సంగటి మింగడం సులువు.

నా ఎదురుగా కూర్చున్న మనవరాలికి ఎనిమిదేళ్లు. నాన్నల రోజని బడిలో తండ్రికి ఏదైనా చేతులతో చేసి ఇమ్మన్నారట. అట్టముక్కతో చొక్కా కత్తిరించి, రంగు కాగితంతో టై అతికించి, గుండీల చోట నాలుగు మిరియాలు అంటించింది. ఇంట్లో దాచిపెట్టుకుని అక్కడ, అన్నం మధ్యలో తీసి ఇచ్చింది. మా అబ్బాయి నిజంగానే మురిసిపోయాడు. దాన్ని ఫోనులో ఫొటో తీసి నలుగురికి పంపాడు. ఫ్యాను గాలికి ఎగరకుండా నీళ్ల సీసా కింద పెట్టాడు. ఆ పిల్ల నా వైపు తిరిగి, "అవ్వా, నువ్వు చిన్నప్పుడు మీ నాయనకు ఏం చేసిచ్చావు?" అంది. నేను వేలెత్తి పైకి చూపించాను. "లైటా?" అంది. కాదమ్మా, బల్బు చుట్టూ ఉందే, అది, ఎద్దు మూతికి కట్టేది అన్నాను. మా అబ్బాయి, కోడలు నవ్వారు. వాళ్లననీ లాభం లేదు, ఎద్దు పుండు కాకికి నొప్పా? ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. "మీ నాయనకు నచ్చిందా?" అని అడిగింది. ఈ ప్రశ్న నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

మా ఊరు పామిడికి దక్షిణాన, తెల్లారి బయల్దేరితే ఎండెక్కేసరికి పెన్న ఒడ్డుకు చేరేంత దూరం. పెన్న ఒడ్డున నల్లనేల, బావులు. మా ఊళ్లో గరుసు నేల, రాళ్లు. వాన పడితే శెనక్కాయ, పడకపోతే ఏమీ లేదు. మాకున్నది ఆ మెట్ట చేను, రెండు ఎద్దులు. ఒళ్లంతా నలుపు కాబట్టి ఒకటి కర్రోడు, మొహం మీద తెల్లమచ్చ ఉంది కాబట్టి ఇంకొకటి బొల్లోడు. ఇంట్లో నేను, నాయన, అమ్మ, నాయన తల్లి జేజి. ఇంటికి నేనొక్కదాన్నే పిల్లను. మా నాయన మాతో రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఎద్దులతో మాత్రం పొద్దున కొట్టం ఊడ్చినప్పటి నుంచి సాయంత్రం కుడితి పెట్టేదాకా ఏదో ఒకటి చెప్తూనే ఉండేవాడు. ఆయన భుజం మీది తువ్వాలుకు ఎప్పుడూ కుడితి వాసన, ఎద్దుల చెమట వాసన, శెనక్కట్టె వాసన. కాయలు వలిచేశాక ఎండిన ఆ తీగను మా వైపు కట్టె అంటారు, పశువులకు అదే మేత. ఇప్పటికీ ఎక్కడైనా ఆ వాసన తగిలితే నాకు మొదట గుర్తొచ్చేది ఆ భుజమే.

మా ఇళ్లలో నాయనకు ఎవరూ ఏమీ ఇచ్చేవాళ్లు కాదు. ఉగాదికి గుడ్డలు తెస్తే అందరికీ అయ్యాక మిగిలితే ఆయనకు. సంగటి చివరి ముద్ద, అంటే కుండ అడుగున మాడింది, ఆయనకు. అది ఆయన కోరి తింటాడని అమ్మ చెప్పేది, నేనూ నమ్మేదాన్ని. అటువంటి మనిషికి ఏదైనా చేసివ్వాలన్న బుద్ధి నాకెట్లా పుట్టిందో చెప్పడం కష్టం. ఒక సాయంత్రం ఆయన అటక మీద నుంచి పాత చిక్కాలు దించి చూస్తే ఎలుకలు కొరికేసి ఉన్నాయి. శెనక్కాయ పైరు మొలిచాక కలుపు పోయేందుకు సాళ్ల మధ్య గుంటక తోలతారు. అప్పుడు ఎద్దులు వంగి పైరు మేయకుండా మూతికి తాడుతో అల్లిన బుట్టలాంటిది కడతారు. అదే చిక్కం. ఆ కొరికిన వాటిని చేతిలో తిప్పి చూస్తూ నాయన ఎద్దులతోనే అన్నాడు: "వానొచ్చి పైరు లేస్తే మీకు మళ్లా అల్లల్ల రా. యాడుండాది పొద్దు నాకు?" పక్కనే ఉన్న నేను విన్నాను. ఆయనకు పొద్దు లేకపోతే నాకుంది కదా అనుకున్నాను.

అల్లడం నాకు కొత్త కాదు. చేని గట్ల మీద పెరిగే కిత్తలి మట్టల్ని నీళ్లలో ఊరేసి, కుళ్లాక బండకేసి బాది నార తీసేవాళ్లు. ఆ నీటిగుంట పక్కన నిలబడితే ముక్కు మూసుకోవాల్సిందే, ఆ నీళ్లు తగిలితే మోచేతుల దాకా దురద. ఆ ఏడు మట్టలు ఊరేయడానికి ఊళ్లో నీళ్లు లేవు గానీ, అంతకుముందు ఏడు తీసిన నార ఒక కట్ట మిగిలి ఉంది. నాయన తాడు పేనేటప్పుడు రెండో కొస పట్టుకునేది నేనే. ఆయన వేళ్లు ఎట్లా తిరుగుతాయో, ముడి మీద ముడి ఎట్లా కూర్చుంటుందో చూసి చూసి నా చేతులకు వచ్చేసింది. కొలత కోసం నా లంగా బొందె ఊడదీసి, మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు ఎద్దుల మూతి చుట్టూ పెట్టి గుర్తుకు ముడేశాను. కర్రోడు గరుకు నాలుకతో నా చెయ్యంతా నాకాడు. తీరా ఇంట్లోకి వచ్చాక ఏ ముడి ఎవరిదో మర్చిపోయాను. లంగా ఒక చేత్తో పట్టుకుని మళ్లీ కొట్టంలోకి పరుగెత్తాను.

పది రోజులు పట్టింది. నాయన అల్లే చిక్కంలో కన్నాలు వెడల్పుగా ఉండేవి, రెండు వేళ్లు దూరేంత. నాకది చూడడానికి మొరటుగా అనిపించేది, ఆయనకు తీరిక లేక అట్లా అల్లుతాడనుకునేదాన్ని. నేను చేసేది నాయనకు ఇచ్చేది కదా. అందుకని దగ్గర దగ్గరగా, ఒక వేలు కూడా పట్టనంత సన్నగా, జల్లెడలాగా అల్లాను. నార గీసుకుని వేళ్లు పగిలాయి. రాత్రి సంగటిలో చెయ్యి పెడితే ఊరుబిండి పచ్చడి కారం మండేది. ఆ మంట కూడా నాకు గొప్పగానే ఉండేది. తలెత్తుకుని తిన్నాను ఆ పది రోజులూ.

రెండోది ముగిస్తుండగా గాదె వెనక జేజి కంటపడ్డాను.

"ఏం చేస్తాండావే ఈడ?"

"చిక్కాలు జేజీ. నాయనకు."

"యా పైరుకే? యాడుండాది పైరు?" జేజి నా చేతిలోది లాక్కుంది. "ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమన్నెట్ల, గింజ మట్లో పడకముందే చిక్కం అల్లుతారా యాడన్నా? పైరు జానెడు లేసినాక అల్లల్ల. మా అత్త, వాళ్లత్త, ఎవురూ ముందుగా తాడు ముట్టింది ల్యా. మోడానికి మూతి కట్టేస్తివి గదే పాపిష్టిదానా!"

మోడమంటే మబ్బు. జేజి కోపంలో అన్న మాట అది, ఆమెకు నోరు అదుపు తక్కువ. నేను మాత్రం అది అక్షరాలా నమ్మాను. పడమట కొండ మీద మబ్బుకు నేను చిక్కం తొడిగినట్టు, అది నోరు తెరవలేక వెనక్కి పోతున్నట్టు కళ్లకు కట్టింది. చిక్కాలు ఊడదీయాలని చూశాను. నాయన దగ్గర నేర్చుకున్న ముడి, ఊడే రకం కాదు. కొడవలి తెచ్చాను గానీ కోయడానికి చెయ్యి రాలేదు. తీసుకుపోయి ఉత్త గాదెలో పడేశాను. గాదెలో గింజలు లేవు కాబట్టి ఎవరూ అందులోకి తొంగి చూడరు.

మృగశిర కార్తె పోయింది. ఆరుద్ర పోయింది. పునర్వసులో రెండు చుక్కలు పడితే ఊరంతా విత్తనాలు వలుచుకుంది, మళ్లీ ఎండ కాసింది. కరువులో అధికమాసమని సామెత ఊరికే పుట్టలేదు, ఆ ఏడు అధికమాసం కూడా వచ్చిపడింది. నాయన పొద్దున లేచి కొట్టం ఊడ్చాక గుమ్మంలో నిలబడి పడమటి దిక్కు చూసేవాడు. ఆయన వెనక నిలబడి నేనూ చూసేదాన్ని. ఆయన వాన కోసం చూసేవాడు, నేను నా తప్పును చూసుకునేదాన్ని. కట్టె వామి నడుముకు దిగింది, తర్వాత మోకాలికి దిగింది. పాపాసుకళ్లి జెముడు ముళ్లు మంటలో కాల్చి, ఆ మట్టలు ముక్కలు చేసి పెట్టారు. ఎద్దులు పేడ పల్చగా వేశాయి. చివరికి కొట్టం మీది బోద పీకి మేపారు. ఆ గడ్డి ఎన్నేళ్లు ఎండిందో, పొగ చూరి నల్లగా ఉంది, అయినా కర్రోడు బొల్లోడు దాన్ని పోట్లాడుకుని తిన్నారు. పైకప్పు లేని కొట్టంలో ఎద్దుల ఎముకలు ఎండకు లెక్క పెట్టేటట్టు కనిపించేవి. వానొస్తే ఎద్దులుంటాయి, రాకపోతే ఉండవు. ఆ మాట ఇంట్లో అందరికీ తెలుసు.

మఖ కార్తె వచ్చాక, రేపు సంత అనగా, పొద్దుగూకే వేళ నాయన తాడు కోసం వెతుకుతూ గాదెలోకి వంగాడు. రెండు చిక్కాలతో బయటికి వచ్చాడు.

"ఎవురల్లినారు ఇవి?"

అమ్మ జేజి వైపు చూసింది. జేజి నా వైపు చూసింది. నాకు ఏడుపు ఆగలేదు. "నేను నాయనా. నీకివ్వల్లని అల్లితి. నేను ముందే అల్లినందుకే వాన రాలేదంట. జేజి చెప్పింది."

నాయన పిడికిలి చిక్కంలో పెట్టి, లోపలి నుంచి తోసి చూశాడు. అంచు పట్టి గట్టిగా లాగి చూశాడు. "ముడి బాగా పడిండాది" అన్నాడు. అంతే. నీ వల్ల కాదులే అని ఒక్క మాట అంటాడేమోనని నేను ఆయన మొహం వైపే చూస్తూ నిలబడ్డాను. ఆయన రెండూ తీసుకుని కొట్టంలోకి పోయాడు.

మర్నాడు తెల్లవారుతూనే నన్నూ లేపాడు. సంతకు నన్ను ఎప్పుడూ తీసుకుపోయేవాడు కాదు. కొట్టంలోకి పోతే ఎద్దులకు నా చిక్కాలు కట్టి ఉన్నాయి. బొల్లోడిది కొంచెం బిగుతైతే ఒక ముడి వదులు చేశాడు. ఎందుకు కట్టాడని నేను అడగలేదు. నాకు సిగ్గేసే సంగతి ఇప్పుడు చెప్పాలి. నాకు సంతోషమైంది. ఎద్దులు ఎక్కడికి పోతున్నాయో తెలిసి కూడా సంతోషమైంది. నేను చేసింది నాయన వాడుతున్నాడు, ఊరంతా చూస్తుంది. పెళ్లివారి వెనక నడిచినట్టు నడిచాను ఆ ఎద్దుల వెనక, కనిపించిన ప్రతివాళ్లూ చిక్కాలు చూస్తున్నారా లేదా అని గమనిస్తూ.

పెన్న ఒడ్డు దగ్గర పడేసరికి దావ సన్నబడి, రెండు పక్కలా చేలు వచ్చాయి. బావుల కింద శెనక్కాయ పైరు. మా చేలో మొలవాల్సిన పైరే, జానెడు ఎత్తు, పసుపు పూలతో. అంత పచ్చదనాన్ని నేను చూసి ఎన్నాళ్లైందో. గట్టు మీద చేని ఆసామి కేక వేశాడు.

"ఏమప్పా! ఎద్దుల్ని పైరు మింద తోల్తాండావు? సుట్టు తిరిగి పో!"

"చిక్కాలుండాయి లేన్నా" అన్నాడు నాయన. "ఒక్కాకు ముట్టవు. మా పాప అల్లింది."

ఆ గొంతు నేను అంతకు ముందు వినలేదు, తర్వాతా వినలేదు. మా నాయన నా గురించి ఇంకొకరికి గొప్పగా చెప్పింది జీవితంలో ఆ ఒక్కసారే. ఆసామి దగ్గరికి వచ్చి, కర్రోడి మూతి పట్టి చూసి, "బాగల్లినావే పిల్లా" అని దారి ఇచ్చాడు.

అప్పుడు ఎద్దులు వంగాయి. ముందు కర్రోడు, వెంటనే బొల్లోడు. మూతులు సాళ్లలో పెట్టేశాయి. పైరు చిక్కానికి రాసుకుని వంగి మళ్లీ లేచింది. నాలుక బయటికి రావాలని లోపల తిరుగుతోంది, నార మీద దాని గరుకు చప్పుడు నాకు వినిపిస్తోంది. కన్నం లేదు. చొంగ మాత్రం తీగలాగా కారి ఆకుల మీద పడింది. మా నాయన అల్లిన చిక్కాల్లో నాలుక కొసకు ఒకటో రెండో ఆకులు అందేవి. గుంటక తోలుతూ మొదలు నుంచి చివరికి పోయేలోపు ఎద్దుకు నాలుగు ఆకులు దొరికేవి. ఆయనకు సన్నగా అల్లడం చేతగాక కాదు, పొద్దు లేకా కాదు. ఆ గట్టు మీద నిలబడి నాకది తెలిసింది.

"నాయనా, ఒక్క తూరి ఇప్పుదాం" అన్నాను.

"పరాయి పైరు పాపా."

"ఒక్క తూరి. ఎవురూ చూడరు."

ఆయన నా మాట వినిపించుకోనట్టు తాడు విదిలించాడు. అంత బక్కచిక్కిన ఎద్దులు కూడా ఆ చేలోంచి కదలడానికి మొరాయించాయి. నాయన వాటిని కొట్టాడు. ఆయన ఎద్దుల్ని కొట్టగా నేను చూడడం అదే మొదలు. చేను చివరిదాకా అవి తలలు పైరులోనే పెట్టి నడిచాయి, చివరిదాకా ఒక్క ఆకు అందలేదు.

సంతలో ఆ ఏడు దున్నేవాళ్లు లేరు, లారీలవాళ్లే ఉన్నారు. బేరం నాకు గుర్తులేదు. పశువును అమ్మినా దాని తాడు అమ్మకూడదని మా ఆచారం, తాడు పోతే కొట్టం కళ పోతుందంటారు. కొన్నవాడు తన తాడు కట్టుకున్నాక నాయన మా పగ్గాలు విప్పాడు, చిక్కాలూ విప్పాడు. మూతి వదులైన వెంటనే బొల్లోడు నేల మీద ఉన్న కాగితం ముక్క ఒకటి తినేశాడు. లారీ కదిలేదాకా కూడా నాయన అక్కడ నిలబడలేదు. నాకు బొరుగులు కొనిచ్చి, పగ్గాలు భుజాన, వాటి మీద చిక్కాలు వేసుకుని తిరుగుదావ పట్టాడు. బావుల చేలు దాటి, మళ్లీ మా ఎర్రమట్టి మొదలయ్యాక, నన్ను ఓదార్చాలనే అనుకుంటాను, నా వైపు చూడకుండా అన్నాడు.

"బాగా కుదిరినాయి పాపా. ఒక్కాకు ముట్టల్యా."

తర్వాత మా ఇంట్లో ఎద్దులు లేవు. నాయన కరువు పనిలో రోడ్డుకు రాళ్లు కొట్టాడు, వానలు పడిన ఏడు ఒకరి ఎద్దుల కోసం ఎదురుచూసి, వాళ్లది అయ్యాక, పదును ఆరిపోయాక విత్తాడు. పగ్గాలు, చిక్కాలు వాకిట్లో మేకుకు ఉండేవి. కొన్నేళ్లు చూసి అమ్మ, "ఎద్దులు లేని కొంపలో ఇవెందుకు, ఎర్రగడ్డలన్నా పోసుకుంటా" అని చిక్కాల్ని వంటింటి దూలానికి వేలాడదీసింది. నాయన అడ్డం చెప్పలేదు. దగ్గర దగ్గరగా అల్లినవి కదా, చిన్న ఉల్లిగడ్డ కూడా జారేది కాదు.

ఆయన మంచం పట్టిన రోజుల్లో, నేను అప్పటికే ఉద్యోగం చేస్తున్నదాన్ని, పిల్లల తల్లిని, అయినా అడిగాను: నాయనా, ఆ ఏడు నేను ముందుగా అల్లినందుకేనా వాన రాలేదు? ఆయనకు గుర్తుందో లేదో అనుకున్నాను. ఉంది. "ఆ పైయేడు గూడా రాలే" అన్నాడు. "అప్పుడెవురు అల్లినారు?" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అది ఓదార్పో కాదో నాకు ఈ రోజుకూ తెలియదు. ఇప్పుడు మా ఊళ్లో ఎద్దుల కొట్టం ఒక్కటి లేదు, అందరూ ట్రాక్టర్లు పిలిపించుకుంటారు. వాన మాత్రం ఎప్పటిలాగే రాదు.

హోటల్లో వడ్డించే అతన్ని అడిగి ఒక చిక్కం ముట్టుకుని చూశాను. ప్లాస్టిక్ తాడు, ఏ ఎద్దు మూతీ ఎరగనిది. కన్నాలు వెడల్పుగా ఉన్నాయి, వెలుతురు రావాలి కదా. టేబుల్ మీద నీళ్ల సీసా చెమ్మకు అట్టచొక్కా మధ్యలో గుండ్రంగా తడిసింది. మా అబ్బాయి బిల్లు కట్టడానికి లేచాడు. మనవరాలు నా చెయ్యి పట్టుకుని లాగింది.

"చెప్పవా అవ్వా? మీ నాయనకు నచ్చిందా?"

"నచ్చింది" అన్నాను. "ఒక్కాకు కూడా ముట్టలేదని చెప్పినాడు."

"అంటే బాగా చేసినట్టే కదా?"

"బాగా చేసినానమ్మా" అన్నాను. "అంత బాగా చేయకుండా ఉండాల్సింది."